నీడకి కూడా టైమ్‌టేబుల్ ఉంటుంది

నేను రాసిన ప్రోగ్రాముల్లో ఒక్క ఎర్రర్ కూడా రాకుండా రన్ అయి, పూర్తిగా తప్పు జవాబు ఇచ్చింది ఒకటుంది. అందులో బగ్ పట్టుకున్నది మా ల్యాబ్ మేడమ్ కాదు, మా అమ్మమ్మ. ఆవిడ జీవితంలో కీబోర్డు ముట్టుకోలేదు. ఆ కథ చెబుతూ, చలిదేశాల్లో నీడలో మొక్కలు ఎలా బతుకుతాయో కూడా చెబుతాను. నేను చిన్నప్పటి నుంచీ ఇంగ్లిష్ మీడియమే కాబట్టి భాషలో ఎక్కడైనా తడబడితే సర్దుకుపోండి.

తాతయ్య పోయాక అమ్మమ్మ దుగ్గిరాల దగ్గర మా ఊళ్లో ఒక్కతే ఉండేది. పోయినేడాది మే నెలాఖర్లో పిన్ని వచ్చి ఆవిణ్ణి అమెరికా తీసుకెళ్లింది. పిన్నీ వాళ్లుండేది మిన్నెసోటా రాష్ట్రంలో, మిన్నియాపోలిస్ పక్కన. వెళ్లిన వారానికే అమ్మమ్మ ఫోన్లో, "ఇక్కడ నాకు చేయడానికి పనేం లేదు నాన్నా. కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంటున్నా" అంది. మాటలు తక్కువైపోయాయి. ఏమడిగినా "ఆ", "ఊ" తప్ప ఏమీ అనేది కాదు.

ఆ కిటికీలోంచి కనిపించేది పెరడు. తూర్పు ముఖం ఇళ్లకి అక్కడ కూడా మనవాళ్ల పోటీ ఎక్కువట, పిన్నీ వాళ్లకి దక్షిణ ముఖం ఇల్లే దొరికింది. అంటే పెరడు ఇంటికి ఉత్తరాన పడింది. మధ్యలో పెద్ద మేపుల్ చెట్టు. దాని కింద గడ్డి కూడా సరిగ్గా మొలవదు. పిన్ని మొదటి ఏడాది అక్కడ మల్లె, తులసి, కరివేపాకు పెట్టి మూడూ పోగొట్టుకుంది. ఇప్పుడు కరివేపాకు ఒక్కటి కుండీలో, ఇంట్లో దక్షిణం కిటికీ దగ్గర ఉంది. అమ్మమ్మ ఆ ఖాళీ పెరడు చూసి, "ఇక్కడ ఏదీ మొలవదా?" అని నన్నడిగింది. నాకు సెలవులు. ఏ మూల ఎన్ని గంటలు ఎండ పడుతుందో లెక్కేసి చెప్తానని ప్రోగ్రామ్ మొదలుపెట్టాను.

ఉత్తరం పెరడు అంటే ఏంటి?

మన దగ్గర ఉత్తరం వైపు గోడ పెద్ద సమస్య కాదు. దుగ్గిరాల ఇంచుమించు 16 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. మే మధ్య నుంచి జులై నెలాఖరు దాకా మిట్టమధ్యాహ్నం సూర్యుడు మన నడినెత్తికి కొంచెం ఉత్తరంగా ఉంటాడు. అంటే జూన్‌లో మన ఉత్తరం గోడకి రోజంతా ఎండే. నీడ దక్షిణం వైపు పడుతుంది, అదీ చిన్నది.

మిన్నియాపోలిస్ 45 డిగ్రీల దగ్గర ఉంది. అక్కడ సూర్యుడు ఎప్పుడూ నడినెత్తికి రాడు. జూన్ 21న మధ్యాహ్నం 68.5 డిగ్రీల ఎత్తు, డిసెంబర్ 21న 21.5 డిగ్రీలు, అంతే. ఇంటర్‌లో చదివిన ట్రిగొనామెట్రీ ఇక్కడ పనికొచ్చింది. 20 అడుగుల ఎత్తున్న ఇంటి నీడ జూన్ మధ్యాహ్నం 8 అడుగులు, మార్చి 21కి సరిగ్గా 20 అడుగులు, డిసెంబర్‌లో 50 అడుగులు. అదే ఇల్లు దుగ్గిరాలలో ఉంటే డిసెంబర్ నీడ 17 అడుగులే.

ఇంకో వింత కూడా ఉంది. జూన్‌లో అక్కడ పగలు పదిహేనున్నర గంటలు. సూర్యుడు ఈశాన్యంలో ఉదయించి వాయవ్యంలో అస్తమిస్తాడు. అందుకని చుట్టూ ఏ అడ్డూ లేకపోతే ఉత్తరం గోడకి కూడా పొద్దున మూడున్నర గంటలు, సాయంత్రం మూడున్నర గంటలు ఏటవాలు ఎండ తగులుతుంది. పిన్నీ వాళ్లకి పక్కిల్లు, కంచె, మేపుల్ అన్నీ అడ్డమే. నా లెక్కలో గోడ పక్కన రెండు గంటల లోపు వచ్చింది. చెట్టు కింద సున్నా.

తోటపని చేసేవాళ్లు మామూలుగా రోజుకి 6 గంటలకి పైగా నేరుగా ఎండ పడితే పూర్తి ఎండ అంటారు. 3 నుంచి 6 గంటల దాకా అయితే సగం నీడ. 3 కంటే తక్కువైతే పూర్తి నీడ. నేను చాలా కాన్ఫిడెంట్‌గా అమ్మమ్మకి ఫోన్ చేసి, "చెట్టు కింద జీరో. అక్కడ ఏం పెట్టినా దండగ" అని చెప్పాను.

ఆకు నీడని ఎలా లెక్కపెడుతుంది

చెట్టు నీడ, గోడ నీడ ఒకటి కావు. గోడ అన్ని రంగుల వెలుగునీ ఒకేలా ఆపేస్తుంది, మిగిలిన ఆకాశం వెలుగు మాత్రం మొక్కకి అందుతుంది. చెట్టు ఆకులు అలా కాదు. ఎరుపు, నీలం రంగుల్ని తమ వంటకి వాడేసుకుని, మన కంటికి దాదాపు కనిపించని దూర ఎరుపు కాంతిని కిందికి వదిలేస్తాయి. మొక్కలో ఫైటోక్రోమ్ అనే ప్రోటీన్ ఈ రెండు ఎరుపుల నిష్పత్తిని చూస్తుంది. దూర ఎరుపు ఎక్కువైందంటే పైన ఇంకో మొక్క ఉందని అర్థం.

ఇక్కడ మొక్కలు రెండు దారులు పడతాయి. ఎండలో బతికే మొక్క ఆ కబురు అందగానే పరుగు మొదలుపెడుతుంది. కాడ సన్నగా, పొడుగ్గా సాగిపోతుంది, ఎలాగైనా పైకెళ్లి వెలుగు అందుకోవాలని. పైన మేపుల్ 50 అడుగులు ఉంటే ఆ పరుగు గెలిచేది కాదు. ఉన్న బలం అయిపోయి పడిపోతుంది. పిన్ని మల్లె తీగకి మొదటి వేసవిలో జరిగింది ఇదేనని నా అనుమానం.

నీడలో బతకడానికి పుట్టిన మొక్క పరిగెత్తదు, ఖర్చు తగ్గించుకుంటుంది. ఆకు పలచగా, వెడల్పుగా పెంచుతుంది. శ్వాసకి తక్కువ ఖర్చు పెడుతుంది. అందుకే కొద్దిపాటి వెలుగులో కూడా దాని సంపాదన ఖర్చుని దాటుతుంది. పాకెట్ మనీ తక్కువొచ్చే హాస్టలర్ లాగా అన్నమాట.

ఇది మనకి కొత్తేం కాదు. తమలపాకు తోటలో అవిసె చెట్లు ఎందుకు పెంచుతారు? తీగ పాకడానికి, నీడకి. అరకులో కాఫీ మొక్కలు సిల్వర్ ఓక్ చెట్ల కింద పెరుగుతాయి. కంద, అల్లం, పసుపు కొబ్బరి తోటల్లో చెట్ల మధ్య పలచని నీడలో వస్తాయి. నీడపంట అంటే ఏంటో మా అమ్మమ్మకి నాకంటే బాగా తెలుసు. అందుకే నా "జీరో" ఆవిడకి నచ్చలేదు.

బగ్ ఎక్కడుంది

"చెట్టు ఎప్పుడూ ఆకులతోనే ఉంటుందా అక్కడ?" అని అడిగింది.

నా ప్రోగ్రామ్‌లో మేపుల్ అంటే ఒక స్తంభం మీద ఒక పెద్ద బంతి. జనవరి అయినా జులై అయినా అదే బంతి. సూర్యుణ్ణి రోజుకో చోట కదిపాను గానీ చెట్టుని మాత్రం కాన్‌స్టెంట్‌గా పెట్టేశాను. మిన్నెసోటాలో మేపుల్ అక్టోబర్‌లో ఆకులన్నీ రాల్చేస్తుంది. మళ్లీ కొత్త ఆకు నిండుగా పరుచుకునేసరికి మే మధ్య దాటుతుంది. మంచు మామూలుగా ఏప్రిల్ మొదట్లో కరుగుతుంది. అంటే ఏప్రిల్ మొదటి నుంచి మే మధ్య దాకా, దాదాపు ఆరు వారాలు, ఆ చెట్టు కింద నీడ లేదు. పైగా ఏప్రిల్ 20 నాటి సూర్యుడు ఆగస్టు 22 నాటి సూర్యుడంత ఎత్తులో ఉంటాడు. చలిగా ఉందని మనకి అనిపించదు గానీ, వెలుగు నడివేసవికి కాస్త తక్కువ, అంతే.

ఆ ఆరు వారాల కోసమే పుట్టిన మొక్కలు కొన్ని ఉన్నాయి. ఉత్తర అమెరికా అడవుల్లో బ్లడ్‌రూట్, ట్రిలియమ్, వర్జీనియా బ్లూబెల్స్, డచ్‌మన్స్ బ్రీచెస్ లాంటివి. మంచు కరగ్గానే లేస్తాయి. చెట్టుకి ఆకు రాకముందే పూస్తాయి. వీటిలో బ్లూబెల్స్, డచ్‌మన్స్ బ్రీచెస్ అయితే ఏడాదికి సరిపడా పిండిపదార్థం వేళ్లలో దాచేసుకుని, వేసవి మధ్యకల్లా ఆకులతో సహా మాయమైపోతాయి. వాటి ఏడాది పని మొత్తం రెండు నెలల్లోపే పూర్తి. మిగతా పది నెలలు మట్టిలోనే. మిన్నెసోటా మరుగుజ్జు ట్రౌట్ లిలీ అనే చిన్న పువ్వు కూడా ఈ జట్టులోదే. ప్రపంచం మొత్తంలో అది మిన్నెసోటాలోనే సహజంగా పెరుగుతుంది. 1986లో దాన్ని అంతరించిపోయే ప్రమాదంలో ఉన్న జాతిగా ప్రకటించారు.

చెట్టుని తేదీ మీద ఆధారపడే వేరియబుల్‌గా మార్చి మళ్లీ రన్ చేశాను. జూన్‌లో సున్నా వచ్చిన చోటే ఏప్రిల్‌లో ఏడెనిమిది గంటలు వచ్చింది. నీడ ఎంత అని అడిగాను గానీ, ఎప్పుడు అని నేను అడగలేదు.

చలి శత్రువు కాదు

రెండో ప్రశ్న చలి. అమెరికాలో వ్యవసాయ శాఖ వాళ్ల మ్యాప్ ఒకటుంది. ప్రతి చోటా ఏడాదిలో అతి చల్లని రాత్రి ఉష్ణోగ్రతని 30 ఏళ్లకి సగటు తీసి జోన్లుగా విడగొట్టారు. 2023లో వచ్చిన కొత్త మ్యాప్ 1991 నుంచి 2020 దాకా లెక్కలతో చేసింది. మిన్నెసోటా 3 నుంచి 5 జోన్లలో ఉంది. నాలుగో జోన్ అంటే ఏడాదిలో అతి చల్లని రాత్రి సగటున మైనస్ 34 నుంచి మైనస్ 29 సెల్సియస్ మధ్య. మన లంబసింగిలో సున్నా దగ్గరకొస్తేనే న్యూస్‌లో వేస్తాం.

అంత చలిలో మొక్క ఎలా బతుకుతుంది? శరదృతువులో పగలు చిన్నదవుతుంటే అది సిద్ధపడుతుంది. కణాల్లో చక్కెర పెంచుకుంటుంది. దానివల్ల లోపలి నీరు అంత సులువుగా గడ్డకట్టదు. కొంత నీటిని కణం బయటికి పంపేస్తుంది. మంచు పలుకులు కణాల మధ్య ఏర్పడతాయి, కణం లోపల కాదు. హోస్టా, ఫెర్న్ లాంటివి ఇంకా తెలివిగా పైభాగాన్నే వదిలేసుకుంటాయి. వేళ్లు, మొగ్గలు మాత్రం భూమిలో పడుకుంటాయి. హోస్టాకి ఆ చలి నిద్ర కావాలి కూడా. కొన్ని వారాలు గట్టి చలి తగలకపోతే తర్వాతి ఏడాది సరిగ్గా లేవదు. అందుకే హైదరాబాద్‌లో ఎంత మంచి నీడ చూపించినా హోస్టా కొన్నాళ్లకి నీరసించిపోతుంది. దాని సొంతూళ్లు జపాన్, కొరియా, చైనా.

పోయిన అక్టోబర్‌లో గట్టి మంచు పడిన మర్నాడు, వేసవిలో పెట్టిన హోస్టా ఆకులన్నీ ఉడకబెట్టిన తోటకూరలా మెత్తబడి నేలకి అంటుకుపోయాయి. పిన్ని ఫోన్లో బాధపడింది. పీకి పారేద్దామంది. వెనకనుంచి అమ్మమ్మ గొంతు వినిపించింది. "పీకకే! పసుపు ఆకు ఎండితే పసుపు చచ్చిందంటామా? దుంప లోపల ఉంది."

మా ఊళ్లో జనవరి, ఫిబ్రవరికి పసుపు ఆకంతా ఎండి పడిపోతుంది. కొమ్ములు తవ్వి, విత్తనానికి కొన్ని దాచి, జూన్‌లో మళ్లీ నాటుతారు. మన దుంప ఎండాకాలం పడుకుంటుంది, వాళ్ల దుంప చలికాలం పడుకుంటుంది. పద్ధతి ఒకటే. యాభై ఏళ్లు పసుపు చేను చూసిన మనిషికి హోస్టా అర్థం కావడానికి ఒక్క నిమిషం పట్టింది.

మంచు గురించి కూడా మనం తప్పుగా అనుకుంటాం. అడుగు మందం పొడి మంచు నేల మీద ఉంటే అది దుప్పటి. గాలిలో మైనస్ 25 ఉన్నా దాని కింద నేల సున్నాకి దగ్గరలోనే ఉంటుంది. మంచు లేని చలి, లేదా కరిగి మళ్లీ గడ్డకట్టే వాతావరణం ప్రమాదం. గడ్డకట్టినప్పుడు నేల ఉబ్బి కొత్తగా నాటిన మొక్కని పైకి తోసేస్తుంది, వేళ్లు గాలికి బయటపడతాయి. అందుకే ఎండాకులు, చెక్క పొట్టు కప్పేది నేల గడ్డకట్టిన తర్వాత. నేలని వెచ్చగా ఉంచడానికి కాదు, గడ్డకట్టింది గడ్డకట్టినట్టే ఉండటానికి.

చెట్టు కింద మట్టి

నిజానికి చెట్టు కింద మొక్క పోవడానికి నీడ ఒక్కటే కారణం కాదు, దాహం కూడా. మేపుల్ వేళ్లు పైపైనే పరుచుకుని వాన నీళ్లు ముందే తాగేస్తాయి. అక్కడ లోతుగా తవ్వితే చెట్టుకి దెబ్బ. పైన అడుగు మందం మట్టి పోస్తే వేళ్లకి గాలాడదు. అందుకని వేళ్ల సందుల్లో చిన్న చిన్న గుంటలు తీసి, చిన్న మొక్కలే పెట్టాలి. మొదటి రెండేళ్లు నీళ్లు పోయాలి. రాలిన ఆకుల్ని ఊడ్చి పారేయకుండా అక్కడే వదిలేయాలి, అవే ఎరువు.

నన్ను బాగా ఆశ్చర్యపరిచిన విషయం వానపాములు. స్కూల్లో మనం "వానపాము రైతు నేస్తం" అని చదువుకున్నాం కదా. మిన్నెసోటాలో సొంత వానపాములు లేవు. మంచుయుగంలో హిమానీనదాలు కప్పేసిన నేల అది. ఇప్పుడున్నవన్నీ బయటినుంచి వచ్చినవే, ఎక్కువగా యూరప్ నుంచి. అక్కడి అడవి మొక్కలు కుళ్లిన ఆకుల మందపాటి పొరలో మొలవడానికి అలవాటుపడ్డాయి. వానపాములు ఆ పొరని తినేస్తుంటే ట్రిలియమ్ లాంటివి తగ్గిపోతున్నాయి. అందుకే చేపల ఎర కోసం కొన్న వానపాముల్లో మిగిలినవి అడవిలో వదలొద్దని అక్కడ చెబుతారు. చేనుకి నేస్తమైంది అడవికి నేస్తం కానక్కర్లేదు.

అమ్మమ్మ ఏం పెట్టింది

గోడ పక్కన, పొద్దుటెండ కాస్త తగిలే చోట హోస్టాలు, మధ్యలో ఆస్టిల్బీ. ఆస్టిల్బీకి తడి తగ్గితే ఆకు అంచులు మాడతాయి కాబట్టి గొట్టం అందే దూరంలో పెట్టారు. కంచె మూల ఆస్ట్రిచ్ ఫెర్న్. అది భూమిలోంచే పాకి చోటు ఆక్రమిస్తుంది, ఖాళీ మూల ఉంటేనే పెట్టాలి. చెట్టు కింద వైల్డ్ జింజర్. పేరుకి జింజర్ గానీ మన అల్లానికి చుట్టం కాదు. అమ్మమ్మ వేరు గిల్లి వాసన చూసి "అల్లమే" అంది. టీలో వేస్తుందేమోనని పిన్ని భయపడి చెప్పింది, అందులో కిడ్నీలకి హాని చేసే పదార్థం ఉంటుందని. జపాన్‌లో హోస్టా లేత పిలకల్ని కూర వండుకుంటారని నేను చెబితే మాత్రం ఆవిడకి తెగ నచ్చింది. అక్కడ జింకలు, కుందేళ్లు, గుల్ల లేని నత్తలు కూడా హోస్టాని అంతే ఇష్టంగా తింటాయి.

సెప్టెంబర్‌లో బ్లూబెల్స్ వేళ్లు, మూడు ట్రిలియమ్ మొక్కలు నర్సరీ నుంచి తెచ్చి మేపుల్ కింద నాటింది. ట్రిలియమ్‌ని అడవిలోంచి తవ్వి తేకూడదు. దాని గింజ మొలకెత్తి ఆకు చూపించడానికే రెండు చలికాలాలు కావాలి. పువ్వు చూడాలంటే ఏడేళ్లో, ఇంకా ఎక్కువో. గింజల్ని మోసుకెళ్లి నాటేది చీమలు. మిన్నెసోటా రాష్ట్ర పుష్పం షోవీ లేడీస్ స్లిప్పర్ అనే ఆర్కిడ్. అది మొదటిసారి పూయడానికి 16 ఏళ్లు కూడా పట్టొచ్చు. దాన్ని కోయకూడదని 1925 నుంచీ చట్టం ఉంది.

పిన్ని ఒక ఆదివారం అమ్మమ్మని మిన్నియాపోలిస్‌లోని ఎలోయిస్ బట్లర్ అడవిపూల తోటకి తీసుకెళ్లింది. ఎలోయిస్ బట్లర్ వృక్షశాస్త్రం చెప్పే టీచర్. ఊరు పెరిగి అడవిపూలు పోతున్నాయని పట్టుబట్టి 1907లో ఆ తోట పెట్టించింది. అమెరికాలో ప్రజల కోసం పెట్టిన అడవిపూల తోటల్లో అదే అన్నిటికన్నా పాతది. 1933 ఏప్రిల్‌లో, 81 ఏళ్ల వయసులో, ఆ తోటకి వెళ్లినప్పుడే కుప్పకూలి చనిపోయింది. ఇది విని అమ్మమ్మ చాలాసేపు ఏం మాట్లాడలేదని పిన్ని చెప్పింది.

నవంబర్ మొదటివారంలో అమ్మమ్మ తిరిగొచ్చేసింది. ఆరు నెలలే ఉండనిస్తారు కదా. తను నాటిన చెట్టుకింది మొక్కల్లో ఒక్కదాని పువ్వు కూడా చూడకుండానే విమానం ఎక్కింది. ఊరొచ్చాక ఆ పెరడు ఊసే ఎత్తలేదు. మర్చిపోయిందనుకున్నాం.

ఈ ఏప్రిల్ చివర్లో ఒక సాయంత్రం పిన్ని వీడియో కాల్ చేసింది. అక్కడ పొద్దున. మేపుల్‌కి ఇంకా ఆకు లేదు, కింద నేలంతా ఎండ. ఎండాకుల మధ్య బ్లూబెల్స్ గులాబీరంగు మొగ్గలు, విచ్చినవి నీలం. ట్రిలియమ్‌లు రెండు లేచాయి. గోడ పక్కన హోస్టా పిలకలు ఊదారంగులో, మొనదేలి, అచ్చం పసుపు పిలకల్లా మట్టిని చీల్చుకుని ఉన్నాయి.

అమ్మమ్మ కళ్లజోడు పెట్టుకుని ఫోన్ దగ్గరగా పట్టుకుంది. "ఆగవే, అలా తిప్పేయకు. ఎడం పక్క పాదులో ఎన్ని పిలకలొచ్చాయో లెక్కపెట్టనీ" అంది. నాటినప్పుడు మూడు. ఇప్పుడు ఏడు. మూడో ట్రిలియమ్ ఏదని అడిగింది. రాలేదని పిన్ని చెప్పగానే, "తవ్వి చూడకు. ఇంకో ఏడాది చూద్దాం" అంది.